నూట ఎనభై గుర్రాల పంచాయితీ

వర్క్‌షాపుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది అడిగేది ఒకటే ప్రశ్న. "సార్, ఇంజన్ అదే, సిలిండర్లు అవే, లీటర్లు కూడా అవే. మరి ఒక బండి మీద నూట ఎనభై హార్స్ పవర్ అని, ఇంకో బండి మీద రెండు వందల ఇరవై అని ఎందుకు ఉంటది?"

దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి ఒక్క మాటలో అయిపోతుంది. రెండోదానికి అరగంట పడుతుంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను మొదటి జవాబును ఒకే ఒక్కసారి చెప్పాను. దాని మీద పంచాయితీ కూర్చుంది. అందులో నన్ను నిలబెట్టారు. ఆ సంగతి నా నోటితోనే మీకు చెప్పడం మంచిది, ఎందుకంటే కరీంనగర్ వర్క్‌షాపుల్లో ఇది ఇప్పటికే నాలుగైదు రకాలుగా తిరుగుతోంది. ఒకదాంట్లో నేను గుర్రం ఎక్కి వచ్చినట్టు కూడా ఉందని విన్నాను.

మాది మంథని వైపు దొరల ఇల్లు. మా తాత కాలంలో తొమ్మిది ఊళ్లలో మా మాట చెల్లేది. మా నాయన కాలానికి ఒక ఊరు మిగిలింది. నా కాలానికి ఆ ఊళ్లో ఒక గోడ మిగిలింది. కోటలాంటి మా గడి దూలాలను కరీంనగర్‌లో ఒక హోటల్ వాళ్లు కొనుక్కుపోయి, పాతకాలపు అందమని ముందు హాల్లో పెట్టుకున్నారు. నేను ఆ హోటల్లో ఇంతవరకు టీ తాగలేదు. డిప్లొమా చదివి, లారీలు అమ్మే డీలరు దగ్గర మెకానిక్‌గా చేరితే, మా అవ్వ ఆర్నెల్ల పాటు చుట్టాలకు "కంపెనీల ఆఫీసరు" అని చెప్పుకుంది. తర్వాత నేను నిజంగానే సర్వీస్ ఇన్‌చార్జినయ్యాను కనుక ఆమె చెప్పింది అబద్ధం కాలేదు, కొంచెం ముందు చెప్పిందంతే.

చేతికి గ్రీజు అంటినందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కానీ రోజూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతోనే పోయేవాణ్ణి. బండి కిందికి దూరాల్సి వస్తే చొక్కా విప్పి, మడిచి, డ్రైవరు సీటు మీద పెట్టి, బనీనుతో దూరేవాణ్ణి. బయటికొచ్చాక చేతులు కడుక్కుని మళ్లీ గుండీలన్నీ పెట్టుకునేవాణ్ణి. వర్క్‌షాపులో అందరూ నన్ను "దొర" అనేవాళ్లు. సగం మర్యాదకు, సగం నవ్వులాటకు. నేను మొదటి సగం మాత్రమే తీసుకున్నాను.

ఆ రెండో సగం ఎక్కువగా మా స్టోర్ కీపరుది. సిరిసిల్ల నేతింటి మనిషి. మర మగ్గాల చప్పుడులో పెరిగినందువల్ల కావచ్చు, చాలా తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడినప్పుడు మాత్రం గుచ్చుకునేట్టు మాట్లాడేవాడు. పార్ట్ నంబరు తప్పు చెప్తే, ఎంత పెద్దవాడు అడిగినా, బోల్టు కూడా ఇచ్చేవాడు కాదు.

నేను ఉద్యోగం దిగడానికి రెండేళ్ల ముందు ఒక పెళ్లికి పోయాను. బంతిలో నా ఎదురుగా ఒక క్వారీ యజమాని కూర్చున్నాడు. మంథని పోయే దారిలో ఆయనకు కంకర క్వారీ, క్రషర్, ఆరు టిప్పర్లు ఉండేవి. మా వర్క్‌షాపుకు మంచి గిరాకీ. ఆయన తండ్రి మా గడిలో ఎడ్లబండి తోలేవాడు. ఆ సంగతి ఆయనా మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. ఎదురైనప్పుడల్లా రెండు చేతులూ జోడించేవాడు. ఆ చేతులకున్న ఉంగరాల వైపు చూడకుండా ఉండటం నాకు కొంచెం కష్టంగా ఉండేది.

"దొరా, చిన్న అనుమానం," అన్నాడాయన బగారా అన్నం కలుపుతూ. "నా తాన పాత టిప్పరు ఒకటి నూట ఎనభైది. కొత్తయి ఐదు, రెండు వందల ఇరవైయి. గీ రెండిట్ల ఇంజన్ ఒక్కటేనా, వేరేనా?"

"ఒక్కటే," అన్నాను.

"అంటే తేడా ఏం లేనట్టేనా?"

"ఇంజన్ ఒక్కటే అని చెప్పిన గదా."

ఆయన ఇంకేం అడగలేదు. అడగడని నాకు తెలుసు. అరగంట జవాబు నాకు తెలియక కాదు. ఆ తేడా నన్ను నిద్రలేపి అడిగినా చెప్పేవాణ్ణి. కానీ మా బండి తోలినవాడి కొడుకు నా ఎదురుగా కూర్చుని, నన్ను రెండోసారి అడగటం నాకు నచ్చలేదు. నిజం అంతే. కొత్తగా చేరిన పిల్లలు ఇది గుర్తు పెట్టుకోవాలి: వర్క్‌షాపులో చాలా తప్పులు తెలియక జరగవు.

నెల తిరిగేసరికి, ఆ క్వారీలో పాత టిప్పరు నడిపే డ్రైవరు వర్క్‌షాపుకు వచ్చాడు. బెల్లంపల్లి మనిషి, నలభై ఏళ్లుంటాయి, తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాడు. బండి తేలేదు, బస్సులో వచ్చాడు. డ్రైవరు బండి లేకుండా వర్క్‌షాపుకొస్తే మనసుకు ఏదో తేడాగా ఉంటుంది.

"సారూ, ఇంజన్ ఒక్కటే అని మీరే చెప్పిన్రట గదా," అన్నాడు.

"ఎవరు చెప్పిండు?"

"మా సేటు చెప్తుండు. దినాం పదిసార్లు చెప్తుండు. కొత్త బండ్లు పద్నాలుగు ట్రిప్పులు కొడుతున్నయి. నాది పన్నెండు దాటుతలేదు. ఇంజన్ ఒక్కటే అయినప్పుడు రెండు ట్రిప్పులు యాడవాయెరా, మలుపు కాడ బండి ఆపి కునుకు తీసుకుంట పంటున్నవు, అంటుండు."

"పంటున్నవా మరి?"

"పన్నెండు ట్రిప్పులు కొట్టేటోనికి పండేటంత యాల యాడుంటది సారూ." కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. "సేటుకు ఎంత చెప్పినా ఒక్కటే మాట. దొర చెప్పిండు, దొర మాట తప్పుతదా అంటడు. ఐతారం నాడు పంచాయితి పెట్టిండు. నలుగుట్ల నేను పనిదొంగనని తేలిస్తే, చుట్టుపక్కల ఏ క్వారీల నన్ను పెట్టుకోరు. నాకు ఇంకో పని రాదు."

వెనక కౌంటరులో ఫిల్టర్లు సర్దుతున్న స్టోర్ కీపరు తల ఎత్తకుండానే అన్నాడు: "దొర సగం మాట ఇష్యూ చేసి, సగం మాట స్టోర్ల పెట్టుకున్నరు."

ఆదివారం నేను వస్తానని డ్రైవరుకు చెప్పాను. ఈ సంగతి మా మేనేజరుకు తెలిసింది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, టై కట్టుకునేవాడు. "సార్, ఆయన ఇంకా నాలుగు బండ్లు కొనే ఆలోచనలో ఉన్నాడు. మీరు చెప్పిన మాట మీరే మార్చుకుంటే కంపెనీకే బాగుండదు. పోయినా మాట్లాడకండి," అన్నాడు. మాట్లాడకుండా కూర్చోవడం మా వంశంలో అందరికీ బాగా వచ్చు. సరేనన్నాను.

ఆదివారం పొద్దున స్టోర్ కీపరును వెంటబెట్టుకుని క్వారీకి పోయాను. క్రషర్ పక్కన రేకుల షెడ్డు కింద కుర్చీలు వేశారు. ముప్పై, నలభై మంది జమయ్యారు. ఆరు టిప్పర్లనూ కడిగి, బంతిపూల దండలు వేసి వరసగా నిలబెట్టారు. ఆరింటి మీదా ఎర్ర రంగుతో కొత్తగా 220 అని రాసి ఉంది.

"ఇదేంది?" అన్నాను.

"నంబర్ల తోనే లొల్లి అయితుంది దొరా," అన్నాడు యజమాని. "అందుకే అన్నిటి మీద ఒక్కటే రాపిచ్చిన."

పెయింటరు ఊపు మీద ఉన్నట్టున్నాడు. పక్కనున్న నీళ్ల ట్యాంకరు మీద కూడా 220 అని రాశాడు.

పంచాయితీ పెద్ద మాజీ సర్పంచు. మోకాలి నొప్పి ఉన్న మనిషి, కానీ న్యాయం చెప్పేటప్పుడు మోకాలు మరిచిపోతాడని పేరు. ఆయన పక్కన తెల్లగడ్డంతో ఒక ముసలాయన కూర్చున్నాడు. అందరూ చాచా అంటున్నారు. ఆయన కరీంనగర్ బస్టాండు దగ్గర నలభై ఏళ్లు జట్కా నడిపాడట.

"చాచా ఎందుకొచ్చిండు?" అని సర్పంచును అడిగాను.

"గుర్రాల పంచాయితి గదా దొరా," అన్నాడు సర్పంచు. "నూట ఎనభై గుర్రాలా, రెండు వందల ఇరవై గుర్రాలా అనే లొల్లి. గుర్రం ముచ్చట ఎరిగినోడు ఈ చుట్టుపక్కల గీయన ఒక్కడే మిగిలిండు. ఇంక మీ ఇంట్ల గుర్రాలుండెనట, మీరు సుత ఉన్నరు."

మా తాతకు ఒక తెల్లగుర్రం ఉండేది నిజమే. ఆ మాట ఆ జనంలో వినేసరికి నాకు, అంత గంభీరమైన సమయంలో కూడా, కొంచెం సంతోషమైంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. డ్రైవరు నిలబడే ఉన్నాడు. మా వైపు పంచాయితీల్లో ఎవరి మీద మాట పడిందో వాళ్లు నిలబడాలి, మిగతావాళ్లు కూర్చోవాలి. నేను పుట్టకముందు నుంచీ అంతే.

మొదట ఇంజన్లను చూడాలన్నారు. "ముద్దాయి ఏది?" అని సర్పంచు అడిగాడు. అన్నిటి మీదా ఒకే నంబరు ఉండటంతో ఎవరూ వెంటనే చెప్పలేకపోయారు. చివరికి డ్రైవరే తన బండిని గుర్తుపట్టి చూపించాడు. దాని క్యాబిన్‌ను, పక్కన ఒక కొత్త బండి క్యాబిన్‌ను ముందుకు వంచారు. చాచా మొదట రేడియేటరు జాలీ ముందు వంగి చాలాసేపు చూశాడు. గుర్రాన్ని కొనేటప్పుడు పళ్లు చూస్తారు కదా, అట్లా.

తర్వాత టేపు తెప్పించారు. రెండు ఇంజన్ల పొడుగు కొలిచారు, ఒక్కటే. ఎత్తు కొలిచారు, ఒక్కటే. సిలిండర్లు లెక్కపెడితే ఇక్కడ ఆరు, అక్కడ ఆరు. సర్పంచు రెండింటినీ వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఇనుము ఒక్కటే మోగుతుంది," అన్నాడు.

"నేను చెప్తలేనా," అన్నాడు యజమాని.

తర్వాత ఉరికించి చూద్దామన్నారు. రెండు ఖాళీ బండ్లను క్రషర్ ముందు నుంచి ఊరి బాట దాకా చదును రోడ్డు మీద తోలించారు. కొత్త బండిని ఇంకో డ్రైవరు తోలాడు. మొదట్లో పాతది కొద్దిగా వెనకబడింది, తర్వాత అందుకుంది. టిప్పర్లకు వేగం ఒక హద్దు దాటకుండా కంపెనీలోనే తాళం వేసి పంపుతారు. ఆ హద్దు రెండింటికీ ఒక్కటే. రెండూ పక్కపక్కనే, పెళ్లి ఊరేగింపులో పోయినట్టు పోయాయి.

జనం నవ్వారు. డ్రైవరు బండి దిగి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు. "దొర మాటే నిజమాయె," అన్నాడు సర్పంచు. యజమాని రెండు చేతులూ జోడించి నా వైపు తిరిగాడు. అందరికీ కాగితం గ్లాసుల్లో టీ వచ్చింది. నాకు ఒక్కడికే సాసరుతో పింగాణీ కప్పులో వచ్చింది.

ఆ కప్పు అందుకుని ఉంటే చాలు. నేను అబద్ధం చెప్పలేదు, టేపు చెప్పింది, రోడ్డు చెప్పింది. ఇంటికి పోయి మధ్యాహ్నం భోజనం చేసి పడుకోవచ్చు. నాకు ఆ డ్రైవరు మీద పెద్ద ప్రేమేం పుట్టలేదు. కానీ నా పేరు మీద ఒక మనిషి బతుకు తెగిపోతోంది, తెగ్గొట్టే కత్తి నా సగం మాట. మా ఇంటి మాటను అట్లా వాడుకోవడం నేను సహించలేకపోయాను. గర్వం అనుకుంటే అనుకోండి. గర్వం ఆ రోజు సరైన వైపే నిలబడింది.

"ఇది పరీక్ష కాదు," అన్నాను. "చదును మీద, ఖాళీ బండ్లకు తేడా తెల్వది. లోడు పెట్టి గుంత నుంచి ఎక్కియ్యుండ్రి."

యజమాని మొహం చూస్తే, దేవుడు తన విగ్రహం తనే పక్కకు జరిపినట్టు ఉంది.

"ఇంజన్ ఒక్కటే అన్నరు గద దొరా," అన్నాడు.

"ఇనుము ఒక్కటే. బ్లాకు, క్రాంకు, సిలిండర్లు అన్నీ ఒక్క అచ్చుల పోసినయే. కానీ దెబ్బ దెబ్బకు లోపలికి ఎంత డీజిల్ కొట్టాల్నో బండి కంప్యూటర్ల రాసి ఉంటది. గా రాత వేరు. పాతదానికి తక్కువ, కొత్తదానికి ఎక్కువ."

ఎవరికీ ఎక్కినట్టు లేదు. చాచా గడ్డం నిమురుకున్నాడు.

"నాకు సమజైంది," అన్నాడు. "ఒక్క తల్లికి పుట్టిన రెండు గుర్రాలు. ఒకదానికి దినాం శేరు ఉలవలు పెడుతున్నరు, ఇంకోదానికి ముప్పావు శేరు. ఖాళీ జట్కా గుంజేటప్పుడు రెండూ ఒక్కతీరే ఉరుకుతయి. నలుగురు లావు సావుకార్లు ఎక్కి, స్టేషన్ కాడ ఎత్తు వచ్చిందనుకో, అప్పుడు తెలుస్తది ఎవ్వలి కడుపుల ఏమున్నదో."

నేను ముప్పై నాలుగేళ్లు ట్రైనింగు క్లాసులకు పోయాను. అంత శుభ్రంగా చెప్పినవాణ్ణి చూడలేదు. మా స్టోర్ కీపరు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

ఆ క్వారీ గుంత పైనుంచి చూస్తే లారీలు అగ్గిపెట్టెల్లా ఉంటాయి. అడుగు నుంచి క్రషర్ దాకా దాదాపు రెండు కిలోమీటర్లు, మూడు మలుపులు, అంతా ఎత్తే. పాత టిప్పరు కొన్ననాడు గుంత ఇంత లోతు లేదు. గుంత పెరిగింది, బండి పెరగలేదు. రెండు బండ్లలోనూ లోడరుతో సరిగ్గా తొమ్మిది బకెట్ల రాయి పోయించారు. ఒక్కో క్యాబిన్‌లో ఒక సాక్షి ఎక్కాలన్నారు. చాచా పాతదాంట్లో ఎక్కాడు. సర్పంచు మొబైల్లో టైము పెట్టుకున్నాడు.

కొత్తది తొమ్మిది నిమిషాల్లో పైకొచ్చింది. పాతది పదకొండు దాటాక వచ్చింది. చాచా దిగీ దిగగానే కొత్త బండి డ్రైవరు సర్పంచు దగ్గరికి పోయాడు.

"గిది లెక్కకు రాదు సర్పంచ్ సాబ్. చాచా లోపల కూసోని నాలుక కొట్టుకుంట బండిని అదిలిస్తుండట. చల్ బేటా, చల్ బేటా అంటుండట."

"అదిలిస్తే గింత లేటయిందా?" అన్నాడు సర్పంచు. "అదిలియ్యకపోతే రేపు వచ్చుండెనా?"

"అలవాటు బాబూ," అన్నాడు చాచా. "ఎత్తు కనబడితే నాలుక ఊకోదు."

ఇక్కడ మా స్టోర్ కీపరు మొదటిసారి నోరు తెరిచాడు. "డ్రైవర్లను మార్చుండ్రి," అన్నాడు. మళ్లీ తొమ్మిది బకెట్లు పోశారు. పనిదొంగ అన్న మనిషి కొత్త బండి ఎక్కాడు, తొమ్మిది నిమిషాలకు ఇంకా పది సెకండ్లు ఉండగానే వచ్చాడు. పద్నాలుగు ట్రిప్పుల మొనగాడు పాత బండి ఎక్కాడు, పన్నెండు నిమిషాలకు వచ్చాడు. దిగి చొక్కాతో మొహం తుడుచుకుంటూ, "దీనితోని పరేషాన్ అయితుందన్నా, నువ్వెట్ల తోలుతున్నవే," అన్నాడు. డ్రైవరు ఆ రోజు మొదటిసారి తల ఎత్తి జనం వైపు చూశాడు. రెండు నిమిషాలే కదా అనుకోకండి. వెనకబడ్డ బండి కింద లోడరు దగ్గర ఒక వరస తప్పిపోతుంది, పైన క్రషర్ దగ్గర ఇంకో వరస. రోజుకు రెండు ట్రిప్పులు అట్లా పోతాయి.

అయిపోయిందనుకున్నాను. కాలేదు.

"అయితే కంప్యూటర్ల రాతే గదా తేడా," అన్నాడు యజమాని. "దొరా, మీరు ఉన్నరు, మీ తాన మిషిను ఉన్నది. దీంట్ల సుత రెండు వందల ఇరవై అని రాసెయ్యుండ్రి, లొల్లి ఒడుస్తది."

"రాత ఒక్కటే కాదు," అన్నాను. "డీజిల్ ఎక్కువ పోస్తే అది కాలేటందుకు గాలి ఎక్కువ కావాలె. కొత్తదానికి గాలి తోసే టర్బో పెద్దది. డీజిల్ చిమ్మే నాజిళ్లు వేరు. వేడి గుంజేటందుకు రేడియేటరు పెద్దది, బలం మోసేటందుకు క్లచ్ పెద్దది. ఇవేం మార్చకుంట రాత మారిస్తే నల్ల పొగ వస్తది, ఆర్నెల్లల్ల క్లచ్ పోతది, తర్వాత ఇంజన్ పోతది."

"ఉలవలు పెడితే సరిపోదు తమ్మీ, అరగాలె," అన్నాడు చాచా యజమానితో. "అరగకుంటే ఏమైతదో నేను చూసిన. జట్కా ఎనుక కూసున్నోడు ఎవడు మరువడు."

సర్పంచు కళ్లు మూసుకుని ఆలోచించాడు. తర్వాత మోకాలు చాపి, తీర్పు చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"పంచాయితి అన్నంక ఎవ్వలు ఒక్కలే గెలువద్దు. పాతదాన్ని ఒక ఇరవై పెంచుండ్రి. కొత్తదాన్ని ఒక ఇరవై తగ్గియ్యుండ్రి. రెండూ రెండు వందలు చేసి, అలాయ్ బలాయ్ చేసుకోని ఇంటికి పోండ్రి."

చాలామంది తలలు ఊపారు. పెయింటరు అక్కడే ఉన్నాడు, ఎర్ర రంగు డబ్బా వైపు చూశాడు. భూమి గట్టు గొడవలను ఆ ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఇట్లాగే తీర్చారు, అందరూ బతికే ఉన్నారు. ఇంజన్లు గట్లు కావని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. చెప్పడం అయ్యాక సర్పంచు నన్ను కొంచెం జాలిగా చూశాడు, రాజీకి రాని మనిషిని చూసినట్టు.

"అయితే ఇంక ఒక్కటే మిగిలింది," అన్నాడు. "డ్రైవరుది తప్పు లేదు. బండిది తప్పు లేదు, దానికి పెట్టింది అది తింటుంది. సేటుది తప్పు లేదు, విన్న మాట నమ్మిండు. మరి గింత లొల్లి ఎట్లయింది? తప్పు ఎవ్వలిది?"

మాట్లాడొద్దన్న మేనేజరు నాకు గుర్తొచ్చాడు. యజమాని తొందరపడి, "పోనీయుండ్రి సర్పంచ్ సాబ్, దొర పెండ్లిల ఉండె, అన్నం తింటుండె," అన్నాడు. ఆయన నన్ను కాపాడుతున్నాడు. మా గడి ముందు చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచినవాళ్ల మనవడు, ఉంగరాల చేతులు అడ్డం పెట్టి నన్ను కాపాడుతున్నాడు. అది మాత్రం నేను పడలేకపోయాను.

"తప్పు నాది," అన్నాను. "తేడా నాకు తెలుసు. చెప్పబుద్ధి కాలేదు. సగం చెప్పి ఊకున్న."

సర్పంచు చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. చెప్పక తప్పని మాట చెప్పేటప్పుడు మనుషులు అట్లాగే చేస్తారు.

"అయితే దొరా," అన్నాడు, "జర లేవుండ్రి."

లేచాను. నా కుర్చీ ఖాళీ అయింది. అందులో డ్రైవరును కూర్చోమన్నారు. అతను ఒప్పుకోలేదు. నలుగురు చెప్పాక, కుర్చీ అంచు మీద, ఎవరైనా వచ్చి లేపుతారేమో అన్నట్టు కూర్చున్నాడు. మా ఇంట్లో ఎన్నో పంచాయితీలు జరిగాయి. అరుగు మీద కూర్చున్నవాళ్లకు నిలబడ్డవాళ్ల తలలు మాత్రమే కనిపిస్తాయి. నిలబడ్డవాళ్లకు అన్నీ కనిపిస్తాయని నాకు ఆ రోజు తెలిసింది. ఎవరు చూపు తిప్పుకుంటున్నారో, ఎవరు టీ చల్లారకముందే తాగాలనుకుంటున్నారో, అన్నీ.

తప్పు చేసినవాడు ఏం కట్టాలో దెబ్బతిన్నవాడే చెప్పాలన్నది ఆ ఊరి పద్ధతి. అందరూ డ్రైవరు వైపు తిరిగారు. జనంలో ఎవరో, విందుకు మేకపోతు వస్తుందన్న ఆశతో, "యాట అడుగే," అన్నారు. ఇంకెవరో "రెండు యాటలు," అన్నారు. డ్రైవరు అరచేతులు చూసుకుంటూ ఆలోచించాడు.

"నాకు యాట వద్దు," అన్నాడు. "సారు ఒక దినం నా బండ్ల కూసోవాలె. పొద్దటి నుంచి పొద్దుమీకేదాక. అన్ని ట్రిప్పులు."

"గంతేనా?" అన్నాడు సర్పంచు, కొంచెం నిరాశగా.

"గంతే. నేను పంటున్ననో లేదో సారు చూడాలె. చూసి సేటుకు చెప్పాలె. సారు చెప్తే సేటు ఇంటడు."

కాగితం రాశారు. పాత బండికి రోజుకు పన్నెండు ట్రిప్పులే, అంతకు మించి అడగరాదు. డ్రైవరు పనిలోనే ఉంటాడు. కింద యజమాని సంతకం, డ్రైవరు సంతకం, "తప్పు నాది" అన్న వాక్యం కింద నా సంతకం. మా వంశంలో అట్లాంటి కాగితం మీద మేం ఎప్పుడూ పై భాగంలోనే సంతకం చేశాం. పెన్ను యజమానే ఇచ్చాడు, క్యాపు తీసి మరీ.

మరునాడు సెలవు పెట్టి క్వారీకి పోయాను. ఏడు గంటలకు బండి ఎక్కాను. తొమ్మిది బకెట్ల రాయి పడ్డప్పుడల్లా సీటు కింద నుంచి నడుము దాకా దెబ్బ తగిలింది. మొదటి మలుపు దాకా హాయిగానే పోయాం. నేను ఆనుకుని కూర్చుని, బయటికి చూస్తూ, ఈ ఇంజన్ గురించి నాకు తెలియనిది ఏముంది అనుకున్నాను. రెండో మలుపు దగ్గర గొంతు మారింది. డ్రైవరు గేరు తగ్గించాడు. మూడో మలుపు దగ్గర ఇంకా తగ్గించాడు. అక్కడ బండి నడక మనిషి నడకకంటే నెమ్మది. వెనక నుంచి కొత్త బండి ఒకటి హారన్ కొడుతోంది. ఇంజన్ ఆగదు, ముందుకు పోతున్నట్టూ ఉండదు, తన దగ్గరున్నదంతా ఇచ్చేసి, ఇంక లేదని చెప్తూనే ఉంటుంది. ఆ చప్పుడు నేను అప్పటికి ముప్పై రెండేళ్లుగా వర్క్‌షాపులో, స్టాండు మీద, చేతులు కట్టుకుని విన్నాను. దాని లోపల కూర్చుని వినలేదు.

కొంతసేపటికి డ్రైవరు నా వైపు చూసి నవ్వాడు. ఎందుకా అని చూసుకుంటే, నా రెండు చేతులూ ముందున్న డ్యాష్‌బోర్డు మీద ఉన్నాయి. నేను ముందుకు వంగి దాన్ని తోస్తున్నాను.

"ఎంత వంగినా గంతే సారూ," అన్నాడు. "నూట ఎనభైయే."

చూస్తే అతనూ స్టీరింగు మీదికి వంగే ఉన్నాడు.

"మరి నువ్వెందుకు వంగుతున్నవు?" అన్నాను.

"ఊకె కూసోబుద్ధి కాదు సారూ."

ఆ రోజు పన్నెండు ట్రిప్పులు కొట్టాం. పన్నెండుసార్లూ మూడో మలుపు దగ్గర ఇద్దరం వంగాం.

పొద్దుమీకాక దిగి యజమాని దగ్గరికి పోయాను. షెడ్డులో కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి లేచి చేతులు జోడించాడు.

"ఏం దొరా, పండిండా?" అన్నాడు.

ఈసారి కూర్చుని, అరగంట చెప్పాను.